ఊరగాయల గదిలో గోంగూర

డెన్వర్ పక్కన మేం ఉండే సబర్బులో ఏ తెలుగువాళ్ళింట్లో కరివేపాకు మొక్క కనిపించినా, దాని తల్లి మా ఇంట్లోనే ఉంటుంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కాదు, గొప్ప కోసమే చెబుతున్నాను. మే నెలలో కూడా మంచు కురిసే ఊరు ఇది. వడగళ్ళు పడితే కార్ల మీద సొట్టలు పడతాయి. ఇలాంటి చోట సొరకాయలు, దొండకాయలు, పొట్లకాయలు కాయించినదాన్ని నేను. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు మా పెరట్లో నిలబడి ఫొటోలు తీసుకుని వాళ్ళమ్మలకు పంపేవాళ్ళు. ఆంటీ, మీ చెయ్యి మంచిది అనేవాళ్ళు. చేతిదేముందమ్మా, ఒళ్ళు వంచాలి అనేదాన్ని పైకి. లోపల మాత్రం చెయ్యి మంచిదేనని నాకు గట్టి నమ్మకం.

అయితే నేను పండించిన వాటన్నిటిలోకీ మంచి పంటను ఎవరూ ఫొటో తీయలేదు. అది పెరట్లో పండలేదు. బేస్‌మెంట్‌లో, ఊరగాయ జాడీలు పెట్టుకునే గదిలో, తాళం వేసి పండించాను. ఆ సంగతి చాలా రోజులు మా ఆయనకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలిసిన ఆయన మెచ్చుకునే రకం కాదు.

మా ఆయన మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద మనిషికి నొప్పి తెలియకుండా చూడడం ఆయన పని. ఆ పనిలో ఉన్నవాళ్ళకు మాట్లాడే అవసరం తక్కువ, ఎదుటివాడు నిద్రపోతుంటాడు కదా. ఇంట్లో కూడా అంతే. నా తోటలో చంటిపిల్లంత సొరకాయ కాసినా ఒకసారి చూసి "బాగానే ఉంది" అనేవారు. ఆ "బాగానే"లోని "నే" ఉందే, అది ఇన్నేళ్ళ కాపురంలో నన్ను పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. "బాగుంది" అంటే సొమ్మేం పోయింది అని ఒకసారి అడిగాను కూడా. బాగానే ఉంది అన్నానుగా అన్నారు.

రిటైరైన మూడో ఏడు, అంటే రెండువేల పదమూడు చివర్లో, ఆయనకు పేగులో క్యాన్సరని తేలింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత కీమో మొదలైంది. జుట్టు ఊడలేదు, జ్వరాలు రాలేదు. తిండి పోయింది. వంటింట్లో పోపు వాసన వస్తే లేచి బెడ్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు. కంచం ముందు కూర్చుంటే పప్పన్నం నాలుగు మెతుకులు అటూ ఇటూ కదిపి, చారు దాకా రాకుండానే లేచేవారు.

మా ఇళ్ళల్లో పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం అయినట్టు కాదు. ఎన్ని కూరలున్నా, ఎంత విందైనా, ఆఖర్న పెరుగు పడాల్సిందే. నేను పెరుగు గిన్నె చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకు గిన్నె బల్ల మీదకు తేవడం మానేశాను. ఇంకొన్నాళ్ళకు తోడుపెట్టడమే మానేశాను. కూతురు కడుపులో ఉన్నప్పటి నుంచీ చెడకుండా కాపాడుకొచ్చిన తోడు అది. ఒకరోజు ఫ్రిజ్‌లో వెనక చూస్తే గిన్నెలో బూజు పట్టి ఉంది. సింకులో పారబోసి ఏడ్చాను. పెరుగు కోసం ఏడ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

జనవరిలో క్యాన్సర్ డాక్టరు నిక్కచ్చిగా చెప్పింది. బరువు ఇంకా తగ్గితే కీమో మధ్యలో ఆపాల్సి వస్తుంది, ఆపితే ఇన్నాళ్ళు పడిన బాధ వృథా అయినట్టే. ఆకలి కోసం ఇచ్చిన మాత్రలేవీ పనిచేయలేదు. బయటికొస్తుంటే అక్కడి నర్సు మెల్లగా, ఈ రాష్ట్రంలో ఇప్పుడు చట్టం ఒప్పుకుంటోంది, గంజాయితో కొందరికి ఆకలి పుడుతోంది, ఆలోచించుకోండి అంది. డాక్టరును అడిగితే నాకు అభ్యంతరం లేదు, ఏం తీసుకున్నా నాకు చెప్పండి అంది.

కారు నేనే డ్రైవ్ చేస్తున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే నోరు విప్పారు.

"చిన్నప్పుడు లెక్కల్లో ఫెయిలైతే మా నాన్న నన్ను తులసివనంలో గంజాయి మొక్క అని తిట్టారు. ఈ వయసులో ఆ మాట నిజం చెయ్యమంటావా?"

"మనింట్లో వనమేం లేదు లెండి. ఉన్నది ఒక్క తులసి. అదీ ఏటా చలికాలం చచ్చిపోతోంది," అన్నాను.

నవ్వలేదు. గంజాయి అమ్మే షాపుకు మాత్రం రానన్నారు. కొత్త సంవత్సరం నాడు ఆ షాపుల ముందు జనం మంచులో బారులు తీరడం టీవీలో ఇద్దరం చూశాం. ఆ వరసలో తను నిలబడితే ఎవరో తెలుగు పిల్లాడు చూసి నమస్తే అంకుల్ అంటాడని ఆయన భయం. నేను వెళ్ళి తెస్తానంటే, ఎవరు చేశారో, ఎంత బలమో తెలియని గంజాయి బిస్కెట్టు నోట్లో పెట్టుకోనన్నారు. కొలత తెలియని మందు నేనెప్పుడూ ఎవరికీ ఎక్కించలేదు, నేనూ తీసుకోను అన్నారు. అది పంతం కాదు, వృత్తి. అయితే నేనే పండిస్తాను అన్నాను. పండించుకో, నేను మాత్రం తినను అన్నారు.

తినను అన్నవాళ్ళ చేత తినిపించడం నాకు కొత్త కాదు.

చట్టం సంగతి కనుక్కున్నాను. పెద్దవాళ్ళు ఇంట్లో కొన్ని మొక్కలు పెంచుకోవచ్చు, కానీ బయటికి కనిపించకుండా, తాళం వేసిన చోట ఉండాలి. ఇంట్లో తాళం ఉన్న గది ఒక్కటే, బేస్‌మెంట్‌లో నా ఊరగాయల గది. తడి చేతులతో ఎవరూ ఆవకాయ జాడీ ముట్టుకోకూడదని ఇల్లు కొన్న కొత్తలోనే దానికి తాళం పెట్టించాను. అప్పట్లో మా ఆయన నన్ను ఎంత ఆటపట్టించారో. ఆవకాయ కోసం పెట్టిన తాళం గంజాయికి పనికొచ్చింది.

దేశమంతటికీ ఉన్న ఫెడరల్ చట్టం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. వీసా మీద, గ్రీన్‌కార్డ్ మీద ఉన్న పిల్లలు ఆ మాట ఎత్తడానికే భయపడతారు, భయపడాలి కూడా. మేం సిటిజన్లమై ఎన్నో ఏళ్ళయింది కాబట్టి నాకా ధైర్యం. మా అమ్మాయి వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో ప్రభుత్వ కాంట్రాక్టుల ఉద్యోగం చేస్తుంది, రహస్యమైన పనులకిచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ ఉంది, గంజాయి మాట చెవిన పడితే దానికే ముప్పని భయం. ఫోన్‌లో సంగతి మొదలుపెట్టబోతే మధ్యలోనే ఆపింది.

"అమ్మా, నాకు చెప్పొద్దు. ఐ డోంట్ వాంట్ టు నో. నాన్న తిన్నాడా, అది ఒక్కటి చెప్పు నాకు."

అందుకని ఫోన్‌లో గంజాయికి గోంగూర అని పేరు పెట్టాను. మాది గుంటూరు జిల్లా, మా నోట గోంగూర మాట వస్తే ఎవరికీ అనుమానం రాదు. పైగా ఆ ఆకూ ఈ ఆకూ చూడడానికి అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి, వేళ్ళు విప్పినట్టు.

గింజలు కొనేటప్పుడు ఆటోఫ్లవర్ అని రాసి ఉన్నవి ఎంచుకున్నాను. మామూలు గంజాయి చామంతి లాంటిదట. పొద్దు కురచయ్యే దాకా పూత పట్టదు. ఇది అలా కాదు, వయసొస్తే చాలు, పగలు పొడుగా కురచా అని చూడకుండా తనంతట తాను పూస్తుంది. పొట్టిగా, గుబురుగా ఉంటుంది, తొందరగా చేతికొస్తుంది. మాకు కావలసింది అదే. ఎదురుచూసే ఓపిక మా ఇద్దరికీ ఉంది, ఆయన ఒంటికి లేదు.

ఇక్కడే నా చెయ్యి మంచిదన్న నమ్మకం నన్ను ముంచింది. వంగ అయినా మిరప అయినా టమాటా అయినా, నేను నారు పోసి, నాలుగాకులు వేశాక తీసి నాటడమే. చిన్నప్పటి నుంచీ చూసింది అదే, చేసింది అదే. ప్యాకెట్ వెనక ఏదో రాసి ఉంది. ప్యాకెట్ వెనక చదివి విత్తనం వేసేదాన్నా నేను? పాత ప్లాస్టిక్ కప్పుల్లో నారు పోశాను. ముచ్చటగా మొలిచాయి. చెయ్యెత్తున వేలాడదీసిన మొక్కల లైటు కింద నవనవలాడుతుంటే, తీసి పెద్ద కుండీల్లోకి నాటాను. అలవాటుగా తలలు తుంచాను. బంతి మొక్క తల తుంచకపోతే నాకు చేతులు దురదపెడతాయి, తుంచితేనే కదా పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. పైగా బలానికని ఎరువు కూడా దండిగా వేశాను.

అవి వాడిపోయాయి. వాడి, మళ్ళీ తేరుకున్నాయి. ఫర్వాలేదు, నాటుకుంటున్నాయి అనుకున్నాను. నాటుకునేసరికి వాటికి వయసొచ్చేసింది. జానెడు ఎత్తున, ఆకుల కొనలు మాడిపోయి, తలలో గోటి కొన అంత పూత పట్టాయి. ఆ మొక్కలను చూస్తే పెళ్ళిలో పెద్దవాళ్ళ పట్టుచీర కట్టిన పిల్లల్లా ఉన్నాయి. నవ్వు రాలేదు. ఫిబ్రవరి అయిపోవస్తోంది. బరువు చూసే మిషన్ మీద ఆయన నంబరు మళ్ళీ తగ్గింది, కీమో కొన్నాళ్ళు ఆపి చూద్దామని డాక్టరు చెప్పిన వారం అది.

ఊరగాయల గదిలో నిలబడి గట్టిగా తిట్టాను. మొక్కల్ని, ప్యాకెట్‌ని, ప్యాకెట్ మీద అంత చిన్న అక్షరాలు వేసినవాణ్ని, మా అత్తగారిని, ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా సరే. నా గొంతు పైదాకా వినిపించినట్టుంది. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతూ మా ఆయన వచ్చారు. ఆపరేషన్ అయ్యాక బేస్‌మెంట్‌లోకి రావడం అదే మొదలు. సోనామసూరి బస్తా మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, ప్యాకెట్ అడిగి, కళ్ళజోడు పెట్టుకుని వెనక రాసింది మొత్తం చదివారు. తర్వాత మొక్కల వైపు చూశారు. అవి ఆపరేషన్‌కు వచ్చిన పేషెంట్లయినట్టు చూశారు.

"దీనికున్నదే కొద్ది రోజులు. ఆ రోజులన్నీ నాటుకోడానికే సరిపోయినై. నేనూ అక్కడ డాక్టర్నయి వచ్చి, ఇక్కడ మళ్ళీ మొదట్నుంచీ రెసిడెన్సీ ట్రైనింగ్ చేశాను గుర్తుందా? నాకు టైముంది గనక సరిపోయింది. దీనికి లేదు," అన్నారు.

చాలా రోజుల తర్వాత ఆయన నోట అంత పొడుగు మాట అదే. ఏం చెయ్యాలో తెలియక, మళ్ళీ వెయ్యనా అని అడిగాను. వెయ్యి అన్నారు. ఈసారి వేసిన చోటే ఉండనీ అన్నారు. వెళ్ళేటప్పుడు మెట్ల మధ్యలో ఆగి, తిండి కూడా నువ్వు ఎక్కువ పెట్టావు, కొనలు మాడినై అన్నారు.

రెండోసారి మూడు కుండీల్లో, పెరిగి పూసేదాకా ఉండబోయే కుండీల్లోనే, తిన్నగా గింజ వేశాను. ఇంక నేను పడిన పాట్లు మొక్కల్ని పెంచడంలో కాదు, పెంచకుండా ఊరుకోవడంలో. పొద్దున్నే నా చెయ్యి నీళ్ళ చెంబు మీదకు పోయేది. కుండీని కొంచెం ఎత్తి చూడడం నేర్చుకున్నాను. బరువుగా ఉంటే దాహం లేనట్టు, తేలిగ్గా ఉంటే ఉన్నట్టు. చాలా రోజులు బరువుగానే ఉండేది. చెంబు పట్టుకుని వెనక్కి వచ్చేదాన్ని. తలలు తుంచకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని, హెడ్‌మాస్టరు లాగా.

మా ఆయన రోజూ ఒకసారి దిగి వచ్చేవారు. మొదట్లో పని ఉన్నట్టు నటించేవారు, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఫిల్టర్ చూడాలనో, ఏదో వెతకాలనో. తర్వాత నటించడం మానేసి, తిన్నగా వచ్చి బియ్యం బస్తా మీద కూర్చునేవారు. ఆ గదిలో వెచ్చగా ఉండేది, ఎండలా లైటు ఉండేది, చిన్న ఫ్యాను తిరుగుతుంటే ఆకులు ఊగేవి. అంత వెలుగు ఎందుకు పోనివ్వాలని నేను తులసిని, ఒక కరివేపాకు పిలకను కూడా తెచ్చి పక్కన పెట్టాను. ఏటా మార్చికి కట్టె మిగిలే తులసి ఆ ఏడు వెన్నులు వేసింది. సామెత తిరగబడింది, గంజాయి వనంలో తులసి మొక్క అని చూపించాను. ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. దాన్ని నవ్వు కింద జమ వేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను మళ్ళీ చెంబుతో వెళ్ళి, కుండీ ఎత్తి చూడకుండానే పోయబోయాను. బస్తా మీద నుంచి ఆయన అన్నారు.

"వదిలెయ్యవోయ్. అస్తమానూ పెట్టబోకు. అడిగినప్పుడు పెట్టు."

మొక్క సంగతే అన్నారు. నాకు మాత్రం కంచం ముందు నేను నిలబడే తీరు గుర్తొచ్చింది. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని నేను వెంటపడడం, ఆయన కళ్ళు మూసుకుని మింగడం, తర్వాత బాత్‌రూమ్‌లోకి పరిగెత్తడం. ఆ సాయంత్రం నుంచి అన్నం వడ్డించి, నా కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చుని నా తిండి నేను తిన్నాను. ఒక్క మాట అనలేదు. అది నాకెంత కష్టమైందో నన్ను ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మొక్కలు మాత్రం నా మాట నిలబెట్టాయి. ఏప్రిల్ వచ్చేసరికి మోకాలు దాటి, కుండీ కనబడకుండా గుబురుకట్టి, కణుపు కణుపునా తెల్లటి నూగు వేళ్ళు బయటపెట్టాయి. బయట పొద్దు పొడుగవుతోంది, అయినా వీటికి లెక్కలేదు. వయసొచ్చింది, పూశాయి. పూత మీద పంచదార చల్లినట్టు మెరుపు వచ్చింది. ఆ గది తలుపు తీస్తే వాసన మొహాన కొట్టేది. ఇంగువా కాదు, నిమ్మతొక్కా కాదు, రెండూ కలిసి గొడవపడుతున్న వాసన.

అప్పుడే మా స్నేహితురాలు వచ్చింది. వరంగల్ మనిషి, మా వీధి చివరే ఉంటుంది, నాకన్నా పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది, ఆయన్ని బావగారూ అంటుంది. ఆయనకు జబ్బు చేసినప్పటి నుంచి వారం వారం ఏదో ఒకటి వండి తెచ్చేది, ఆయన తినరని తెలిసి కూడా. ఆ రోజు బయట మంచు పడుతోంది. తిరిగి ఇవ్వాల్సిన గిన్నెలో ఆవకాయ వేసి ఇద్దామని నేను కిందికి దిగి, తాళం తీసి, జాడీ మూత తీస్తున్నాను. వెనకే దిగి వస్తుందని ఊహించలేదు. తలుపులోంచి తల పెట్టి నిలబడిపోయింది.

"అక్కా, ఇంత మంచుల పుంటికూర ఎట్ల పండించినవే?"

వాళ్ళ వైపు గోంగూరను పుంటికూర అంటారు. నేను నోరు తెరిచేలోపే చెయ్యి చాచింది. ఒక కట్ట ఇయ్యి, పప్పుల వేస్త అంది. తెలుగువాళ్ళల్లో గోంగూర అడిగితే లేదనేవాళ్ళు ఉండరు. అందులోనూ నేను. ఊరంతటికీ కట్టలు కట్టలు పంచినదాన్ని. అబద్ధం వెతుక్కోడానికి కూడా టైము లేదు.

"ముట్టుకోకే. దానికి మందు కొట్టాను," అన్నాను.

నా మొహం వైపు చూసింది, ఆకు వైపు చూసింది. సరే అక్కా అని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవకాయ తీసుకుని వెళ్ళిపోయింది. నా మొక్కలకు నేను మందు కొట్టనని, పురుగు పడితే వేపనూనె తప్ప ముట్టనని ఆమెకు తెలుసు. నొచ్చుకుందనీ నాకు తెలుసు. తర్వాత రెండు వారాలు వంట తీసుకుని రాలేదు.

నూగు ఎర్రబడ్డాక, మొక్కజొన్న పీచు ముదిరినట్టు అయ్యాక, కోశాను. నీడలో తలకిందులుగా కట్టి ఆరబెట్టాను. ఊరగాయ జాడీల మీద ఆ కొమ్మలు వేలాడుతుంటే తలుపు దగ్గర నిలబడి చూసుకున్నాను. ఏ సొరకాయను చూసీ నేనంత పొంగిపోలేదు. ఇంట్లో కాచిన నేతిలో వేసి సన్నసెగ మీద ఉంచి, వడగట్టి, చిన్న గాజు సీసాలో పోశాను. ఆకుపచ్చ నెయ్యి. ఆయన ముందు పెట్టి, పక్కనే కూర్చోకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను. అడిగినప్పుడే పెట్టాలని నిర్ణయించుకున్నాను కదా.

సాయంత్రం నన్ను పిలిచి, సూది లేని సిరంజి ఒకటి తెమ్మన్నారు. ఒకే సీసాలోది కాబట్టి బలం ఒకటే ఉంటుంది, చుక్కతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది అన్నారు. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పారు కూడా. పేషెంటూ ఆయనే, మత్తు డాక్టరూ ఆయనే. చుక్క వేసుకుని, నాడి పట్టుకుని, గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ అంతే. తర్వాత ఒకరోజు కాస్త ఎక్కువై, మధ్యాహ్నమంతా సోఫాలో పడుకుని సీలింగ్ ఫ్యాను చాలా అందంగా ఉందన్నారు. మర్నాడు తగ్గించారు. నేను నోరు మూసుకుని చూస్తున్నాను. నా పంట బలం చాలక కాదు, కొలత కుదరక అని లోపల గొణుక్కుంటున్నాను.

ఆ ఆదివారం పొద్దువాలుతుండగా కంది పప్పు, బీరకాయ కూర, మిరియాల చారు చేశాను. ఆయన కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. పప్పన్నం కలిపారు. నేను నా కంచం వైపే చూస్తున్నాను. తల ఎత్తితే ఆగిపోతారేమో అనిపించింది. కూర వడ్డించుకున్న చప్పుడు వినిపించింది. చారు పోసుకున్న చప్పుడు వినిపించింది. ఆ జుర్రిన చప్పుడు ఎన్నేళ్ళుగా మానిపించాలని చూశానో, ఆ రోజు అది నా చెవులకు మంగళవాద్యంలా ఉంది. తర్వాత చప్పుడు ఆగింది. లేస్తారు అనుకున్నాను. లేవలేదు.

"పెరుగేదీ?" అన్నారు.

ఇంట్లో పెరుగు లేదు. ఇన్నేళ్ళలో నా ఇంట్లో పెరుగు లేనిది ఆ రోజుల్లోనే, సరిగ్గా అప్పుడే అడిగారు. ఉండండి, చెయ్యి కడగకండి అన్నాను. కోటు వేసుకోలేదు, చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో చూసుకోలేదు. వీధి చివరిదాకా పరిగెత్తి ఆమె తలుపు బాదాను. గోంగూర కట్ట ఇవ్వని మనిషిని, గిన్నె పట్టుకుని నిలబడ్డాను. పెరుగుందా, ఆయన పెరుగు అడిగారు అన్నాను. ఇంకేం అడగలేదు ఆమె. ఓవెన్‌లో లైటు వేసి తోడుపెట్టిన గిన్నె తీసింది. అప్పుడే తోడుకుంది, ఇంకా గోరువెచ్చగా ఉంది. నా కాళ్ళకు చెప్పులు తారుమారుగా ఉండడం చూసి, గిన్నె నాకివ్వకుండా తనే పట్టుకుని నాతో వచ్చింది.

ఆయన ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆమె చేతి గిన్నె తీసుకుని నేనే వేశాను. అన్నంలో కలిపి, ఆవకాయ ముక్క నంజుకుని, తలొంచుకుని తిన్నారు. మేమిద్దరం నిలబడి ఒక మనిషి పెరుగన్నం తినడం చూశాం. ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

"ఏం మందు ఇచ్చిన్రు బావగారూ? ఏది పనిజేసింది?" అని అడిగింది.

నేను గోంగూర మాట అందుకోబోయాను. ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. తెలుగువాళ్ళెవరైనా చూస్తారని ఆ షాపుకే వెళ్ళని మనిషి, వాళ్ళ నాన్న తిట్టిన మాట, ఆయనే అన్నారు.

"గంజాయమ్మా. మీ అక్క కింద పండించింది. నేను ఎన్నో మందులు చూశాను గానీ, చాలా బాగా పండించింది."

చాలా బాగా. "నే" లేదు. నేను మనసులో మళ్ళీ ఒకసారి విని సరిచూసుకున్నాను. లేదు.

ఆమె నా వైపు తిరిగింది. ఆకు గుర్తొచ్చినట్టుంది, చాచిన చెయ్యి గుర్తొచ్చినట్టుంది. కోపమో నవ్వో తేల్చుకోలేని మొహంతో, "మరి మందు కొట్టిన అన్నవు కదక్కా?" అంది.

"కొట్టలేదే. అదే మందు," అన్నాను.

ఆయన ఇదేమీ పట్టించుకోకుండా ఇంకొంచెం పెరుగు కోసం కంచం నా వైపు జరిపారు.